సగమే మాడిన గ్లిజరాల్

ఏలూరు పక్కన పెదవేగి ప్రాంతంలో పామాయిల్ గెల కోసిన రైతుకు ఇక నిలకడ ఉండదు. గెలలు 24 గంటల్లోగా మిల్లుకు చేరాలి. చెట్టు దిగిన పండులో, అందులోనూ దెబ్బ తగిలిన పండులో, లైపేజ్ అనే ఎంజైమ్ నూనెను విడగొట్టి కొవ్వు ఆమ్లాలుగా మార్చేస్తుంది. తవుడుకూ ఇదే బెడద. బియ్యానికి పాలిష్ పట్టిన క్షణం నుంచి అందులో ఆమ్లం పెరుగుతూనే ఉంటుంది. నూనె తీయడం ఆలస్యమైతే అది వంటకు పనికిరాదు. ఇక పామాయిల్ మిల్లులో మురుగు నీటి మీద తేలే నూనెలో ఆమ్లం ఇంకా ఎక్కువ.

వంటకు పనికిరాని ఈ నూనెల నుంచి బయోడీజిల్ తీయడం కూడా అంత తేలిక కాదు. మామూలు పద్ధతిలో నూనెకు మిథనాల్, క్షారం కలుపుతారు. కొవ్వు ఆమ్లం ఒకటి రెండు శాతం దాటిందంటే దానితో కలిసి ఆ క్షారం సబ్బుగా మారిపోతుంది, ఆ సబ్బు వల్ల బయోడీజిల్, దాంతో పాటు పుట్టే గ్లిజరాల్ విడిపోవు. క్షారానికి బదులు సల్ఫ్యూరిక్ ఆమ్లం పోస్తే సబ్బు రాదుగానీ అది ట్యాంకును తినేస్తుంది. పైగా ప్రతి విడతలోనూ ఆమ్లాన్ని విరిచి, సరుకును కడిగి, ఆ నీళ్ళను ఎక్కడో వదలాలి. ఈ ప్రాంతంలో తమ్మిలేరు, రామిలేరు, బుడమేరు వాగులు తెచ్చే నీరు కొల్లేరు సరస్సులోకి చేరుతుంది, కొల్లేటి నీరు సముద్రానికి పోవాలంటే ఉప్పుటేరే దారి. 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కిన ఆ సరస్సు పక్కన కడుగునీళ్ళ లెక్కే అసలు లెక్క అని నా అభిప్రాయం.

అందుకే హైదరాబాద్ తార్నాకలోని రసాయన సాంకేతిక పరిశోధన సంస్థ ఐఐసీటీ శాస్త్రవేత్తలు బి.ఎల్.ఎ. ప్రభావతీదేవి, ఆర్.బి.ఎన్. ప్రసాద్, వారి సహచరులు 2009లో ప్రకటించిన ఘన ఆమ్ల ఉత్ప్రేరకం నాకు అంతగా నచ్చింది. నూనెలో కరగని నల్లటి పొడి అది. పని అయ్యాక వడకట్టి తీసి మళ్ళీ వాడుకోవచ్చు.

దాన్ని చేసిన తీరు చూడండి. ఒక పాలు గ్లిజరాల్‌కు మూడు పాళ్ళ గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం చేర్చి 180 డిగ్రీల దగ్గర కలుపుతూ ఉంటారు. బెల్లం పాకంలా పొంగుతుంది. ఇరవై నిమిషాలకు నురుగు అణుగుతుంది. చల్లార్చి, కడిగిన నీటిలో ఆమ్లం జాడ పోయేదాకా వేడినీళ్ళతో కడిగి ఆరబెడతారు. పది గ్రాముల గ్లిజరాల్‌కు అయిదు గ్రాముల లోపు పొడి వస్తుంది. అంతకు ముందు 2005లో జపాన్ శాస్త్రవేత్తలు చక్కెరతో ఇలాంటి ఉత్ప్రేరకమే చేశారు. వాళ్ళు ముందు ఎక్కువ వేడిలో చక్కెరను సగం బొగ్గు చేసి, ఆ తర్వాత విడిగా ఆమ్లం పట్టించారు. ఒక్కో మెట్టుకూ గంటల తరబడి సమయం. మన వాళ్ళు ఆ రెండు పనులనూ ఒకే పాత్రలో కానిచ్చారు.

నైపుణ్యమంతా మాడ్చడంలోనే ఉంది. పూర్తిగా మాడితే కార్బన్ పొరలు పెద్దవై గట్టిపడతాయి, ఆమ్ల గుంపులు అతుక్కోవడానికి చోటు మిగలదు. సగమే మాడితే చిన్న చిన్న పొరలు ఏర్పడి, వాటి అంచుల్లో సల్ఫోనిక్ ఆమ్ల గుంపులు నిలుస్తాయి. ఆ గుంపు తన ప్రోటాన్‌ను కొవ్వు ఆమ్లానికి అందిస్తుంది, మిథనాల్ వచ్చి దానికి అతుకుతుంది, నీటి అణువు ఒకటి బయటికి పోతుంది, ప్రోటాన్ తిరిగి గుంపును చేరుతుంది. మిగిలింది బయోడీజిల్.

ముడిసరుకు ఎంపిక మరీ ముచ్చటైనది. వంద కిలోల నూనెను బయోడీజిల్ చేస్తే సుమారు పది కిలోల గ్లిజరాల్ మిగులుతుంది. దాన్ని శుద్ధి చేసి అమ్మడం చిన్న ఫ్యాక్టరీకి గిట్టుబాటు కాదు. ఆ మిగులునే పనిముట్టుగా మలిచారు! ఇదే బృందం 2014లో ఆమ్లం ఉన్న కానుగ నూనెను ఈ పొడితో ఒకే దశలో బయోడీజిల్ చేసి చూపించింది.

లోపాలు లేవనను. పొడి తయారీకే ఆమ్లం చాలా కావాలి, మిగిలిన ఆమ్లాన్ని జాగ్రత్తగా పట్టుకోవాలి. ఇలాంటి సల్ఫోనిక్ కార్బన్ల నుంచి వాడేకొద్దీ కొన్ని గుంపులు మిథనాల్‌లోకి జారిపోవచ్చు. సరుకులో నూనె, కొవ్వు ఆమ్లాల్లో ఏది ఎక్కువ ఉందన్నదాన్ని బట్టి వేడీ, మిథనాలూ మార్చుకోవాలి. అయినా ఆ కడుగుడు పొడి చేసేటప్పుడు ఒక్కసారితో తీరుతుంది. ద్రవ ఆమ్లంతోనైతే ప్రతి విడతకూ తప్పదు.

తాడేపల్లిగూడెం నిట్‌లో కెమికల్ ఇంజనీరింగ్ చదివే పిల్లలకు నా మనవి: పాతబడిన తవుడు నూనె, మిల్లు మురుగు మీది నూనె మీ చుట్టుపక్కలే దొరుకుతాయి. ఈ పొడిని మీ చేతులతో ఒకసారి చేయండి. మన జిల్లాల నూనెల మీద అది ఎన్ని విడతలు నిలుస్తుందో కొలిచి, ఆ అంకెలు మిల్లుల వాళ్ళ ముందు పెట్టండి.