యాత్రారచనలో కర్త ఎవరు?

తార్నాక గదుల్లోనూ ఉస్మానియా హాస్టళ్లలోనూ పుట్టే కోస్తా యాత్రావ్యాసాలు చాలావరకు ఒకే దారిన నడుస్తాయి. సాయంత్రం సికింద్రాబాదులో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కడం, తెల్లవారుజామున విశాఖలో దిగడం. 1974లో మొదలైన ఆ బండి రాజమండ్రి వంతెన చేరేసరికి అర్ధరాత్రి దాటుతుంది. అయినా డెల్టా పచ్చదనం మీద ఒక పేరా తప్పదు. చూడనిదాన్ని రాశారన్నది పెద్ద అభ్యంతరం కాదు. చూసినదాన్ని కూడా ఇదే పద్ధతిలో రాస్తున్నారు, చిక్కు అక్కడ.

ఆ వాక్యాలను వ్యాకరణం విద్యార్థిలా విప్పి చూడండి. పడవ కదులుతుంది, వల విచ్చుకుంటుంది, కొబ్బరికాయ రాలుతుంది. తెప్పను అలల్లోకి తోసినవాడు, చెట్టెక్కి గెల కోసిన దింపు కార్మికుడు వాక్యంలోంచే మాయమయ్యారు. దీన్ని శైలీదోషమని సరిపెట్టుకోలేం. మనిషి శ్రమను ప్రకృతి ఖాతాలో జమ వేయడం ఇది. కాకినాడ-ఉప్పాడ బీచి రోడ్డు గురించి రాస్తూ అలలు తీరాన్ని ముద్దాడుతున్నాయంటాం. ఉప్పాడలో అదే అల ఏళ్ల తరబడి ఇళ్లను కోసుకుపోతోంది. జాందానీ చీరలు నేసే ఊరది. 1977 నవంబరు 19న దివిసీమలో వేలమందిని పొట్టన పెట్టుకున్న ఉప్పెన తర్వాత కూడా మన వచనంలో సముద్రం ఇంత అమాయకంగా ఎలా మిగిలింది?

ప్రకృతి వర్ణనే పలాయనమని కొట్టిపారేసే మిత్రులున్నారు. ఆ వాదం నాకు నచ్చదు. అందం చూడటం నేరం కాదు, అందం ఒక్కటే చూడటం చూపు లోపం. ఏనుగుల వీరాస్వామయ్య మనవాడేమీ కాదు; మద్రాసు సుప్రీంకోర్టు ఉద్యోగి, పల్లకీలో పరివారంతో కదిలిన పెద్దమనిషి. 1830లో మద్రాసులో బయలుదేరి హైదరాబాదు మీదుగా కాశీకి వెళ్లి, 1831లో తూర్పుతీరం వెంట తిరిగివచ్చాడు. మజిలీ మజిలీకీ అంగళ్లున్నాయా, నీళ్లు దొరుకుతాయా అని రాసుకున్నాడు. అతని భక్తిని పక్కన పెట్టి చదివినా, 1838లో అచ్చయిన ఆ పుస్తకంలో ఊళ్లు ఊళ్లుగానే కనిపిస్తాయి, తెరమీది బొమ్మల్లా కాదు.

ఇప్పుడు ప్రయాణాన్ని తిప్పి చూద్దాం. తీరం నుంచి వచ్చిన యాత్రికుడు మన ఆర్ట్స్ కాలేజీ ముందు నిలబడతాడు. 1939లో ప్రారంభమైన ఈ గులాబీరంగు రాతి భవనం అతని వ్యాసంలో ‘వెలిసింది’ అవుతుంది, దేవుడు వెలిసినట్టు. రూపకర్త జాస్పర్ పేరు ఉండొచ్చు. రాయి కొట్టిన కూలీ ఉండడు. 1969లో, మళ్లీ 2009లో ఇక్కడ విద్యార్థులు తిన్న లాఠీదెబ్బలూ ఉండవు. అది చదివిన మన హాస్టలు విద్యార్థికి కోపం వస్తుంది, రావాలి కూడా. అతని విశాఖ వ్యాసం చేతికందితే ఉప్పాడ మగ్గం మీద కూర్చున్నవాడికి వచ్చే కోపమూ అదే.