‘తులసిదళం’ - భయానికి మూలమెక్కడ?

భద్రాచలంలో మా పేట చదువరులం నెలకొక పుస్తకం తీసుకొని చర్చిస్తూ వుంటాము. ఈసారి తీసుకొన్నది యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’. 1980ల తొలినాళ్లలో ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చి పాఠకులను పట్టి వూపిన నవల యిది.

ఆ పట్టును కాదనలేము. కళ్ళెదుట క్షీణించే బిడ్డను చూస్తూ తల్లిదండ్రులు పడే నిస్సహాయతను రచయిత నిజంగానే పట్టుకొన్నాడు. భయపెట్టడం నేరం కాదు. ఆ భయాన్ని ఎవరి నెత్తిన పెట్టాడన్నదే ప్రశ్న.

పాపపై జరిగే కుట్రకు మూలం డబ్బు. ఆస్తి మనిషిని ఎంతకు దిగజారుస్తుందో చెప్పగల కథ యిది. కాని పోనుపోను ఆస్తి వెనక్కు తగ్గి, కాష్మోరా ముందుకొస్తుంది. కుట్ర పట్నానిది, భయం మాత్రం ఒరిస్సా అడవి మాంత్రికుడిది. శాస్త్రమా, మంత్రమా అన్నది తేల్చక రచయిత పాఠకునికే వదిలాడు.

“కథను కథగా చదవరాదా?” అన్నారొక మిత్రులు. పట్నంలో చెల్లునేమో. మన ఏజెన్సీలో చేతబడి అనుమానంతో మనుషులను చంపిన సంఘటనలున్నవి. ఆసుపత్రికి దూరమైన గూడెంలో జ్వరంతో బిడ్డ పోతే, నింద పడేది దోమ మీద కాదు, పొరుగింటి ముసలిదాని మీద. అక్కడ శాస్త్రానికీ మంత్రానికీ తూకం సమంగా నిలవదు.

రంగనాయకమ్మ ఈ నవలను ఘాటుగా ఖండించారు. అయితే ఖండనతోనే మన పని తీరదు. పాఠకునికి ఉత్కంఠ కావాలి. దానిని కాష్మోరాతో పనిలేకుండా, ఆస్తి పన్నే కుట్రలోనుంచే పుట్టించగల రచయితలు మనకు కావాలి.