పావు కింద తీగచుట్ట

ఎలక్ట్రానిక్ చదరంగం బోర్డుకు గుర్రం చెవులు, రాజు కిరీటం, బంటు గుండుతల కనిపించవు. పావు అడుగున ఏముందో అదే దానికి తెలుస్తుంది. అందుకే ఇలాంటి బోర్డుకు సొంతంగా పావులు చేసుకోవాలన్నా, చేయించుకోవాలన్నా పని పీఠం దగ్గర మొదలవుతుంది. పీఠం కుదిరాకే తల సంగతి.

ఈ బోర్డులు స్థూలంగా మూడు రకాలు. మొదటిది అయస్కాంతంతో పనిచేసేది. ప్రతి గడి కిందా అయస్కాంతాన్ని పసిగట్టే ఒక రీడ్ స్విచ్ గానీ హాల్ సెన్సార్ గానీ ఉంటుంది. గడిలో పావు ఉందా లేదా అన్నదే దానికి తెలుసు, అది ఏ పావో తెలియదు. ఆట మొదట్లో పావులన్నీ తమ స్థానాల్లో ఉన్నాయని నమ్మి, ఆపైన ఏ గడి ఖాళీ అయింది, ఏది నిండింది అన్న లెక్కతో సాఫ్ట్‌వేర్ ఆటను అనుసరిస్తుంది. రెండోది, రేడియో తరంగాలతో చిప్పును చదివే ఆర్‌ఎఫ్‌ఐడీ బోర్డు. పావులో అతికించిన చిప్పుకు సొంత సంఖ్య ఉంటుంది, ఆ సంఖ్యను ఫలానా పావుగా నమోదు చేస్తే సరిపోతుంది. మూడోది అనునాదం మీద నడిచేది. నెదర్లాండ్స్‌కు చెందిన డీజీటీ సంస్థ బోర్డులు ఈ కోవలోవే. పెద్ద టోర్నీల్లో ఎత్తులు అప్పటికప్పుడు ఇంటర్నెట్‌లో కనిపించడానికి ఇవి విరివిగా వాడుకలో ఉన్నాయి.

అయస్కాంతం రకానికి పావులు చేయడం తేలిక. ప్రతి పీఠంలో ఒక చిన్న నియోడిమియం బిళ్ళ, అన్నింటికీ ఒకే ధ్రువం కిందికి ఉండేలా అమర్చాలి. కొన్ని హాల్ సెన్సార్లకు ధ్రువం తలకిందులైతే పావు ఉన్నట్టే తెలియదు. బిళ్ళ మరీ బలమైనదైతే పక్క గడి సెన్సార్ కూడా స్పందిస్తుంది, పావులు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. సాధారణ రకం నియోడిమియం 80 డిగ్రీలు దాటితే శక్తి కోల్పోవడం మొదలుపెడుతుంది కనుక బిళ్ళ పెట్టాక పీఠాన్ని వేడి చేయకూడదు.

అనునాదం బోర్డుకు లెక్క కావాలి. పావులో ఒక రాగి తీగచుట్ట, దానికి జతగా ఒక కెపాసిటర్ ఉంటాయి. బ్యాటరీ అక్కర్లేదు. తంబురా తీగను మీటితే అదే శ్రుతిలో ఉన్న పక్క తీగ పలికినట్టు, బోర్డు పంపిన సంకేతానికి పావులోని చుట్ట తన సొంత పౌనఃపున్యంలో బదులు పలుకుతుంది. ఆరు రకాల పావులు, రెండు రంగులు కలిపి 12 శ్రుతులు కావాలి. ఎనిమిది తెల్ల బంట్లదీ ఒకటే శ్రుతి. 1 మిల్లీహెన్రీ చుట్టకు 1 నానోఫారాడ్ కెపాసిటర్ కలిపితే వచ్చేది సుమారు 159 కిలోహెర్ట్జ్. కెపాసిటర్ విలువ 5 శాతం పెరిగితే పౌనఃపున్యం రెండున్నర శాతం దాకా తగ్గుతుంది. పన్నెండు శ్రుతులు పక్కపక్కన ఇమడాలి కాబట్టి, ఈ కాస్త తేడాకే శకటును బోర్డు గుర్రంగా పొరబడవచ్చు. భాగాలను కొలిచి ఎంచుకోవడం ఒక దారి. పాత సెట్టు పావుల అడుగు విప్పి, వాటి చుట్టలనే కొత్త పావుల్లోకి మార్చడం అంతకంటే సులువైన దారి.

చుట్ట పీఠానికి సమాంతరంగా, పడుకోబెట్టినట్టు ఉండాలి. ఒరిగితే బోర్డుకు అందే బదులు బలహీనపడుతుంది. పావు జారడానికి అతికించే ఫెల్ట్ గుడ్డ మందం కూడా దూరాన్ని పెంచేదే, కనుక పలచనిది చాలు.

అసలు చిక్కు బరువుతో వస్తుంది. అడుగు బరువుగా ఉంటేనే పావు నిలకడగా నిలుస్తుంది, చేతికి హాయిగా ఉంటుంది. బరువు కోసం వాడే ఇనుము, సీసం, ఇత్తడి మాత్రం చుట్టకు శత్రువులు. చుట్ట దగ్గర లోహం ఉంటే అందులో సుడి విద్యుత్తు పుట్టి శ్రుతిని మారుస్తుంది, స్పందనను మింగేస్తుంది. చుట్ట పక్కనే ఇత్తడి నట్టు లాంటి మూసిన వలయం పెట్టడం అన్నింటికన్నా చేటు. అందుకే చుట్ట అన్నిటికన్నా అడుగున ఉండి, దాని పైన ఖాళీ జాగా వదిలి, ఆ పైన బరువు ఉండాలి. ఒకే దిమ్మ బదులు ఎపాక్సీలో కలిపిన చిన్న చిన్న లోహపు గుళ్ళు మేలు. ఆర్‌ఎఫ్‌ఐడీ చిప్పుకూ లోహం అడ్డే.

ఇక కర్రపని. రాజు, మంత్రి, శకటు, ఏనుగు, బంటు గుండ్రని పావులు కనుక లేత్ మీద, పాత మాటలో చెప్పాలంటే తరిమెన మీద తయారవుతాయి. ఏనుగు పైగోడ గాట్లు, శకటు తల మీది చీలిక తర్వాత కోస్తారు. గుర్రం తల మాత్రం చేత్తో చెక్కి పీఠానికి అతికించాల్సిందే. టోర్నీల్లో వాడే స్టాంటన్ రూపం పావులకు పేరున్న అమృత్‌సర్‌లో గుర్రాలు చెక్కేవారు ప్రత్యేకంగా ఉంటారు. తరిమెన పనికి తెలుగునాట పేరున్న ఊరు అనకాపల్లి జిల్లాలోని ఏటికొప్పాక. అక్కడి బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అంకుడు కర్ర తిరుగుతుండగానే లక్కను ఒత్తితే రాపిడి వేడికి కరిగి రంగు పడుతుంది. లక్క విద్యుత్తును ప్రవహింపనివ్వదు కనుక ఆ పూత చుట్ట పనికి అడ్డు రాదు. అంకుడు తేలిక కర్ర, అడుగున బరువు తప్పనిసరి.

త్రీడీ ప్రింటర్‌తో అచ్చువేస్తే పీఠంలో గూడు ముందే వదలవచ్చు. లోహపు పొడి, కార్బన్ ఫైబర్ కలిసిన ముడిసరుకును చుట్ట దగ్గర వాడకూడదు. పీఎల్‌ఏ సుమారు 60 డిగ్రీలకే మెత్తబడుతుంది. ఎండాకాలం మూసిన కారులో వదిలేస్తే రాజు తల వాల్చేస్తాడు.

కొలతలకు అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడే సిఫారసులు ఉన్నాయి. రాజు ఎత్తు 9.5 సెంటీమీటర్లు, మంత్రి 8.5, శకటు 7, గుర్రం 6, ఏనుగు 5.5, బంటు 5. పీఠం వ్యాసం ఎత్తులో 40 నుంచి 50 శాతం ఉండాలి. ఆ లెక్కన రాజు పీఠం కనీసం 38 మిల్లీమీటర్లు. పావులు తమంతట తామే కదిలే బోర్డులు కూడా ఉన్నాయి, వాటికి ఈ కొలత పొసగదు. రెండు పావుల నడుమ గీత వెంట గుర్రం జారిపోవాలంటే పీఠాలు గడిలో సగానికి మించకూడదు. 55 మిల్లీమీటర్ల గడికి 27.5 లోపే. అందుకే వాటి పావులు సన్నగా ఉంటాయి.

పీఠం పైన ఉన్నదంతా చేసేవారి ఇష్టం. 1849లో ఇంగ్లండ్‌లో నమోదైన స్టాంటన్ రూపంలో ఏనుగు కోట బురుజు, శకటు క్రైస్తవ మతాధికారి టోపీ. తెలుగు ఆటగాడు బురుజును జరుపుతూ ఏనుగు అంటాడు. ఏనుగుకు తొండం, శకటుకు బండిచక్రం చెక్కినా బోర్డుకు అభ్యంతరం లేదు. టోర్నీకి మాత్రం స్టాంటన్ రూపమే శ్రేయస్కరం. చూపు లేనివారు తడిమి పోల్చుకునేలా నల్లపావుల తల మీద చిన్న మొన పెట్టినా చుట్టకు ఇబ్బంది లేదు.

చివరి పని పరీక్ష. ప్రతి పావునూ 64 గళ్ళలో, గడి మధ్యలోనూ అంచులోనూ నిలిపి చూడాలి. పక్కన మరో పావు ఉన్నప్పుడూ చూడాలి. పావులు 32 కాదు, 34 చేయాలి. బంటు చివరి వరుసకు చేరితే ఇంట్లో ఏనుగును తలకిందులుగా నిలిపి మంత్రి అనుకోవడం అలవాటు. అనునాదం బోర్డు మీద అలా చేస్తే చుట్ట దూరమై గడి ఖాళీగానే కనిపిస్తుంది. రంగుకొక అదనపు మంత్రి అందుకే. 34 పావులూ తప్పు లేకుండా పలికాకే అడుగున ఫెల్ట్‌ను గట్టిగా అతికించాలి.