చెయ్యి అటెందుకు పోయింది

చెస్ టోర్నమెంటు జరిగే హాలు బయట, మెట్ల దగ్గర కాసేపు నిలబడితే ఒక దృశ్యం తప్పకుండా కంటబడుతుంది. లోపల గంటల తరబడి ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా పోరాడిన ఇద్దరు పిల్లలు బయటికొచ్చి, చుట్టి తెచ్చుకున్న బోర్డు పరిచి, స్కోర్‌షీటు పక్కన పెట్టుకుని, అదే ఆటను మళ్ళీ మొదటినుంచీ వేసుకుంటూ ఉంటారు. "ఇక్కడ నేను ఏనుగు జరిపితే ఏం చేసేవాడివి?" "ఆ ఎత్తు నేనసలు చూడనే లేదురా." దీన్ని పోస్ట్‌మార్టం అంటారు. గెలిచినవాడూ ఓడినవాడూ కలిసి కూర్చుని చేసే పని. చదరంగంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఆచారం ఇదే.

అయితే అందరికీ ఆ మెట్లు దొరకవు. ఫోనులో ఎక్కడివాడో తెలియని మనిషితో పది నిమిషాల ఆట ఆడి ఓడినవాడికి పక్కన కూర్చుని మాట్లాడేవాడెవడు? సామాన్యుల ఆటలను ఎత్తెత్తుకూ విడమరిచి చెప్పే వీడియోలు ఆ లోటు తీరుస్తున్నాయి. నాలుగేళ్ళుగా వాటిని చూస్తున్నాను. మా అక్క కొడుకు చేత చూపిస్తున్నాను కూడా.

ఈ పద్ధతి యూట్యూబుతో పుట్టింది కాదు. 1935లో అలెఖిన్‌ను ఓడించి ప్రపంచ విజేత అయిన మాక్స్ యూవే నెదర్లాండ్స్‌లో లెక్కల మాస్టారు. ఆయన వాల్టర్ మైడెన్ అనే అమెరికన్ అధ్యాపకుడితో కలిసి 1963లో 'చెస్ మాస్టర్ వర్సెస్ చెస్ అమెచూర్' అనే పుస్తకం తెచ్చాడు. ఉద్దండుడికీ ఔత్సాహికుడికీ మధ్య జరిగిన 25 ఆటలు అందులో ఉన్నాయి. ఇద్దరు ఉద్దండులు ఆడుకుంటే తప్పు జరగబోయే చోటే దాన్ని పసిగట్టి తప్పించుకుంటారు, చూసేవాడికి ఏదీ కనబడదు. ఒక పక్క సామాన్యుడు కూర్చుంటే, మనం రోజూ చేసే పొరపాటు బల్ల మీదకి వస్తుంది, దానికి శిక్ష ఎలా పడుతుందో కూడా చూస్తాం.

ఒక ఉదాహరణ చెబుతాను. కింది స్థాయి ఆటల్లో ఇది ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఇద్దరూ రాజు ముందరి బంట్లను రెండేసి గళ్ళు తోశారు. తెల్లవాడు గుర్రాన్ని ఎఫ్3కి, శకటును సి4కి తెచ్చాడు. నల్లవాడు రెండు గుర్రాలనూ బయటికి తీశాడు. తెల్ల గుర్రం జి5కి దూకింది. ఇప్పుడు గుర్రం, శకటు రెండూ కలిసి ఎఫ్7 బంటు మీద కన్నేశాయి. రాజు తప్ప వేరే కాపలా లేని బంటు అది. నల్లవాడు శకటు దారికి అడ్డంగా డి5కి బంటు తోశాడు, సరైన ఎత్తే. తెల్లవాడు ఆ బంటును తన బంటుతో కొట్టాడు. ఇక్కడ నల్లవాడి చెయ్యి దానంతటదే గుర్రం మీదకి పోతుంది. డి5లోని బంటును కొట్టేస్తాడు.

తెల్ల గుర్రం ఎఫ్7లో పడుతుంది. మంత్రినీ ఏనుగునూ ఒకేసారి పట్టింది కనుక రాజు దాన్ని కొట్టక తప్పదు. వెంటనే తెల్ల మంత్రి ఎఫ్3కి వచ్చి చెక్ చెబుతుంది. డి5 గుర్రాన్ని కాపాడుకోవాలంటే రాజు ఇ6కి, అంటే నట్టనడి వీధిలోకి రావాలి. తెల్లవాడు ఇంకో గుర్రాన్ని సి3కి తెస్తాడు. నల్లవాడి దగ్గర ఒక గుర్రం ఎక్కువే ఉంది, కానీ రాజుకు తలదాచుకునే గడి లేదు.

ఈ ఆటను కంప్యూటర్ ఇంజిన్‌కి ఇస్తే ఆ ఎత్తు తప్పని గుర్తు పెట్టి, రెండో గుర్రాన్ని ఎ5కి జరపమంటుంది. అంతటితో దాని పని అయిపోతుంది. మావాడు ఒకరోజు విసుగ్గా అడిగాడు: "మావయ్యా, తప్పని చూపిస్తోంది గానీ నేనెందుకు తప్పు చేశానో చెప్పదేం?"

మంచి విశ్లేషకుడు మొదలుపెట్టేదే అక్కడ. నల్లవాడు బుద్ధి లేక ఆ ఎత్తు వేయలేదు. తను నేర్చుకున్న రెండు మంచి సూత్రాలే వాడి చేత అది వేయించాయి. వాళ్ళు కొట్టింది తిరిగి కొట్టు అన్నది ఒకటి, గుర్రాన్ని బల్ల అంచుకు పోనివ్వకు అన్నది రెండోది. ఎ5 అంటే అంచు గడే. అందుకే ఆ ఎత్తు మనసుకే రాలేదు. నిజానికి అంచుకు పోయిన ఆ గుర్రం సి4 శకటును తరుముతుంది, ఎఫ్7 మీద పడుతున్న ఒత్తిడిని సగానికి తగ్గిస్తుంది. ఒక బంటు పోతుంది, బదులుగా పావులు బయటికి తెచ్చుకునే వ్యవధి దొరుకుతుంది. ఇంత విడమరిచి చెబితే ఆ తప్పు మళ్ళీ చేయం. ఎత్తును దిద్దితే ఆ ఒక్క ఆట బాగుపడుతుంది, ఆలోచనను దిద్దితే రాబోయే వంద ఆటలు బాగుపడతాయి.

ఈ విద్యలో నేను గురువుగా తలచే మనిషి డేనియల్ నరోడిట్‌స్కీ. కాలిఫోర్నియాలో పుట్టినవాడు, 2007లో పన్నెండేళ్ళలోపు పిల్లల ప్రపంచ విజేత, తర్వాత గ్రాండ్‌మాస్టర్. అంతటివాడు 'స్పీడ్‌రన్' పేరిట కింది రేటింగుల నుంచి మొదలుపెట్టి, మామూలు ఆటగాళ్ళతో ఆడుతూ పైకి ఎక్కేవాడు. ఆడుతున్నంతసేపూ తన మనసులో నడిచేది పైకి చెప్పేవాడు. ఆట అయ్యాక వెనక్కి వెళ్ళి మళ్ళీ మొత్తం విప్పేవాడు. ఓడిన అవతలి మనిషిని ఎన్నడూ చులకన చేయలేదు. వాడు అలా ఎందుకు అనుకుని ఉంటాడో ఓపికగా వెతికేవాడు. 2025 అక్టోబరులో, ముప్ఫై ఏళ్ళు కూడా నిండకుండా పోయాడు. ఆ వార్త చదివిన రోజు నాకు ఇంట్లో మనిషి పోయినట్టే అనిపించింది. వీడియోలు మాత్రం ఉన్నాయి, కొత్తగా బోర్డు ముందుకొచ్చే పిల్లలకు ఆయన ఇప్పటికీ పాఠం చెబుతూనే ఉన్నాడు.

తప్పుల్ని చూపించి నవ్వించే వీడియోలూ బోలెడున్నాయి. అలసిన సాయంత్రం నేనూ చూస్తాను. వాటితో ఆట పెరగదు. సీరియల్ చూసినట్టు చూస్తే నరోడిట్‌స్కీ వీడియోలతోనూ పెరగదు. మా ఇంట్లో ఒక నియమం ఉంది. కీలకమైన చోట వీడియో ఆపాలి. మన ఎత్తేమిటో, అది ఎందుకో నోటితో చెప్పాలి. ఆ తర్వాతే ముందుకు పోవాలి. అప్పుడు విశ్లేషకుడి మాట మన మాటకు జవాబులా వినిపిస్తుంది. ఇంజిన్‌ను అన్నిటికన్నా చివర తెరుస్తాం. తర్వాత ప్రపంచ విజేతగా నిలిచిన గుకేష్ గ్రాండ్‌మాస్టర్ స్థాయికి చేరేదాకా కోచ్ విష్ణు ప్రసన్న అతన్ని ఇంజిన్లకు దూరంగా ఉంచాడని తెలిశాక మావాడు దీనికి ఎదురు చెప్పడం మానేశాడు.

ఇంకో మెట్టుంది, కష్టమైనది. మన ఆటను మనమే అలా విప్పుకోవడం. తమ ఆటల మీద సొంత విశ్లేషణ రాసి, పదిమంది విమర్శించేలా అచ్చు వేయించమని ఒకప్పటి ప్రపంచ విజేత బోత్విన్నిక్ ఆటగాళ్ళకు చెప్పేవాడు. మావాడు అచ్చు దాకా పోలేదు గానీ ఒక నోటుబుక్కు పెట్టాడు. ఆటకు ఒకే ఒక్క వాక్యం రాస్తాడు. మొన్న చూశాను: "కొట్టాలనిపించింది కాబట్టి కొట్టాను, వాడు ఆ ఎత్తు ఎందుకేశాడో చూడలేదు." ఇలాంటిదే మూడు పేజీల్లో ఏడుసార్లు రాసుకున్నాడు. వాడి జబ్బేమిటో వాడి చేతిరాతలోనే దొరికింది.

పోయిన ఆదివారం టోర్నమెంటులో సరిగ్గా ఆ గుర్రం ఆటే వచ్చిందట. ఈసారి ఎ5కి జరిపాడు. బంటు ఇచ్చి, పావులన్నీ బయటికి తెచ్చుకుని, చక్కగా నడిపి, చివర్లో ఏనుగును కాపలా లేకుండా వదిలేసి ఓడిపోయాడు. హాలులోంచి వస్తూనే నా వైపైనా చూడకుండా, తనను ఓడించిన అబ్బాయి భుజం తట్టి, సంచిలోంచి బోర్డు తీస్తూ మెట్ల వైపు నడిచాడు.