వంద రూపాయల కోత

నేను చూసిన మొదటి బడ్జెట్ చర్చ నాచారంలో ఒక కిరాణా కొట్టు ముందు జరిగింది. నాన్న ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. జీతం రాగానే అమ్మ పద్దు పుస్తకం చేతిలో పట్టుకుని సేటు కొట్టుకు వెళ్లేది. వెనకాల నేను. సేటు దగ్గరొక పుస్తకం, మా దగ్గరొక పుస్తకం. రెండూ పక్కపక్కన పెట్టి లైను లైనుకీ వేలు పెట్టి చదివేవాళ్లు. కందిపప్పు అరకిలో, అవును. మంచినూనె పావుకిలో, అవును. బట్టల సబ్బు రెండు.

"రెండెక్కడివి సేటూ? మేం దీస్కపోయింది ఒక్కటే."

"మీ పిల్లగాడే వచ్చి తీస్కపోయిండక్కా."

ఆ తర్వాత ఇద్దరూ నా వైపు చూసేవాళ్లు.

ఈ సీను నాకు మళ్లీ గుర్తొచ్చింది పేపర్లో 'పద్దులపై చర్చ' అనే హెడ్డింగ్ చూసినప్పుడు. శాఖలవారీగా ప్రభుత్వం అడిగే డబ్బుని మన పత్రికలు 'పద్దు' అంటాయి. ఎవరు పెట్టారో గానీ గొప్ప అనువాదం. ఇంగ్లిష్‌లో 'డిమాండ్' అనే మాటకి అడిగేవాడి గొంతు మాత్రమే ఉంది. పద్దులో రెండు పుస్తకాలున్నాయి, ఇద్దరు మనుషులున్నారు, వేలు పెట్టి చూపించే లైను ఉంది. మన చట్టసభల్లో డబ్బు గురించి జరిగే మాటల్ని ఒక సాహిత్య ప్రక్రియగా చదవొచ్చనీ, చదివితే అందులో ఎక్కడ ప్రాణం ఉందో, ఎక్కడ పోయిందో తెలుస్తుందనీ నాకు అనిపిస్తోంది. ఈ వ్యాసం ఆ ప్రయత్నమే.

ముందు అందరికీ తెలిసిన భాగం: బడ్జెట్ ప్రసంగం. ఇది ఏకపాత్రాభినయం. ఆర్థిక మంత్రి నిలబడతారు, ఒక పద్యమో సూక్తో చదువుతారు, బల్లలు చరుస్తారు, అంకెలొస్తాయి. తెలంగాణ మొదటి బడ్జెట్‌ని 2014 నవంబర్‌లో ఈటల రాజేందర్ ప్రవేశపెట్టారు. మొత్తం 1,00,637 కోట్లు. 2025 మార్చిలో భట్టి విక్రమార్క ప్రవేశపెట్టింది 3,04,965 కోట్లు. పదేళ్లలో అంకె మూడింతలైంది, మంత్రులు మారారు, పార్టీ మారింది. శైలి మాత్రం మారలేదు. వాక్యాలన్నీ 'ప్రతిపాదిస్తున్నాను' దగ్గరికే వచ్చి ఆగుతాయి.

ఈ క్రియ మీద కాసేపు ఆగాలి. బడ్జెట్ పుస్తకాల్లో అంకెలకి మూడు కాలాలుంటాయి. వచ్చే ఏడాదికి అంచనా, నడుస్తున్న ఏడాదికి సవరించిన అంచనా, రెండేళ్ల కిందటి ఏడాదికి నిజంగా అయిన ఖర్చు. అంటే భవిష్యత్తు, వర్తమానం, భూతం. ప్రసంగం ఎక్కువగా భవిష్యత్తులోనే మాట్లాడుతుంది. భూతకాలం చిన్న అక్షరాల టేబుల్‌లో, లోపలి పేజీల్లో ఉంటుంది. పోయినేడు చెప్పిందేంటి, అయిందేంటి అన్న ప్రశ్న కథలో సంఘర్షణ లాంటిది. అది తీసేసి కథ చెబితే ఎలా ఉంటుందో ప్రసంగం అలా ఉంటుంది. నిజం చెప్పాలంటే మనం కూడా అలాగే చదువుతాం. పీడీఎఫ్ తెరిచి, కంట్రోల్ ఎఫ్ కొట్టి మన ఏరియా పేరు వెతుకుతాం. దొరికితే స్క్రీన్‌షాట్, లేకపోతే మూసేయడం.

ఈ ప్రక్రియలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఎవరూ చదవనిది: కోత తీర్మానం.

రాజ్యాంగం 113వ అధికరణం లోక్‌సభకీ, 203వ అధికరణం శాసనసభకీ పద్దుల మీద ఒక అధికారం ఇచ్చాయి. ఒప్పుకోవచ్చు, కాదనొచ్చు, తగ్గించొచ్చు. పెంచడానికి మాత్రం వీల్లేదు. మరి ఒక సభ్యుడికి తన ఊరి ఆస్పత్రికి ఇంకా డబ్బు కావాలని ఉంటే? తగ్గించమనే అడగాలి. లోక్‌సభ నిబంధనల్లో కోతలు మూడు రకాలు. పద్దుని ఒక్క రూపాయికి తగ్గించమంటే ప్రభుత్వ విధానమే తప్పని అర్థం. ఇంత మొత్తం తగ్గించమంటే పొదుపు చేయమని అర్థం. వంద రూపాయలు తగ్గించమంటే, నాకో నిర్దిష్టమైన ఫిర్యాదు ఉంది, వినండి అని అర్థం. వేల కోట్ల పద్దులోంచి వంద రూపాయలు! ఆ వంద తగ్గితే ఎవరికీ ఏమీ కాదు. కానీ ఆ వంద పక్కనే ఒక ఊరి పేరు, ఒక రైలు ఆగని స్టేషన్ పేరు, ఒక డాక్టర్ లేని దవాఖానా పేరు రాయొచ్చు.

మన అలంకారశాస్త్రం చదువుకున్నవాళ్లకి ఇది కొత్త కాదు. తిట్టినట్టు పొగడడం, పొగిడినట్టు తిట్టడం మనకు బాగా తెలిసిన పద్ధతులు. తగ్గించమని అడుగుతూ పెంచమనడం కూడా ఆ కుటుంబంలోదే. ఇంకా చెప్పాలంటే, ఖజానా సొమ్ముతో గుడి కట్టించి గోల్కొండ జైల్లో పడ్డ రామదాసు రాముడికి అప్పజెప్పింది కూడా ఒక పద్దే. ఏ నగ ఎవరికి చేయించాడో, దానికెంత అయిందో పేరుపేరునా చెప్తాడు. ఆ కీర్తనకి బలం ఎక్కడిది? భక్తి ఎలాగూ ఉంది, దానితో పాటు ఐటమ్ వారీ లెక్క ఉంది. మొత్తం ఇన్ని లక్షలైంది స్వామీ అని ఒక్క లైనులో చెప్పుంటే మూడు వందల ఏళ్ల తర్వాత మనం పాడుకునేవాళ్లం కాదు.

ఇప్పుడు 2018 మార్చి 14కి వద్దాం. ఆ రోజు లోక్‌సభలో 24 లక్షల కోట్లకు పైగా ఖర్చున్న బడ్జెట్ సుమారు అరగంటలో పాసైంది. 99 పద్దులకీ ఒకేసారి గిలెటిన్. అంటే చర్చ లేకుండా అన్నిటినీ కలిపి ఓటుకి పెట్టేయడం. ఆర్థిక బిల్లు కూడా ఆ ఊపులోనే. నా ఉద్యోగం భాషలో చెప్పాలంటే 99 ఫైళ్లున్న పుల్ రిక్వెస్ట్‌ని ఒక్కటీ తెరవకుండా అప్రూవ్ చేయడం. మా టీంలో ఎవరైనా అలా చేస్తే సాయంత్రానికి మీటింగ్ పెడతారు.

మరి ఆ రోజు సభలో అరుస్తున్నది ఎవరు? చాలావరకు మనవాళ్లే. టీడీపీ, వైఎస్సార్సీపీ సభ్యులు ప్రత్యేక హోదా కోసం, టీఆర్ఎస్ సభ్యులు రిజర్వేషన్ల కోసం, అన్నాడీఎంకే వాళ్లు కావేరీ బోర్డు కోసం. రోజుల తరబడి సభ నడవలేదు. ప్రత్యేక హోదా అంటే చివరికి డబ్బు గురించిన ప్రశ్నే కదా. డబ్బు కోసం చేసిన గొడవ మధ్యలో డబ్బు గురించి జరగాల్సిన చర్చ పోయింది. దీన్ని ప్రతిపక్షం మీదకి తోసేసి ప్రభుత్వాన్ని వదిలేయడం అన్యాయం. గిలెటిన్‌కి తొందరపడింది ప్రభుత్వమే, ఇంకా సమయం ఉంది. పైగా ఇది ఆ ఒక్క ప్రభుత్వం కథ కాదు. 2004లో, 2013లో కూడా పద్దులన్నీ చర్చ లేకుండానే వెళ్లాయి. 2023 మార్చిలో 45 లక్షల కోట్ల బడ్జెట్‌కీ అదే జరిగింది.

అరిస్తే తప్ప ఎవరు వింటారు అని అడగొచ్చు. ఆ ప్రశ్నకి అదే ఏడాదిలో జవాబుంది. ఫిబ్రవరిలో గల్లా జయదేవ్ లోక్‌సభలో మాట్లాడుతూ ఆంధ్రకి వచ్చిన నిధుల కన్నా బాహుబలి వసూళ్లే ఎక్కువని జనం నవ్వుకుంటున్నారన్న అర్థంలో ఒక పోలిక తెచ్చారు. విమర్శకుడిగా నాకు ఆ పోలిక మీద పేచీ ఉంది. సినిమా వసూలు ఒక మొత్తం, కేంద్ర నిధులు రకరకాల పద్దుల కింద వచ్చేవి, రెండిటినీ తూకం వేయలేం. అయినా అది పనిచేసింది, ఎందుకంటే వినేవాడికి తెలిసిన ఒక వస్తువు పక్కన అంకెని పెట్టింది. కందిపప్పు పక్కన అంకె పెట్టినట్టు. ఆ ప్రసంగాన్ని జనం ఫోన్లలో పంచుకున్నారు. జూలై 20న అవిశ్వాస తీర్మానం మీద చర్చని కూడా ఆయనే మొదలుపెట్టారు. అప్పటికి మూడు నెలల కింద వచ్చిన 'భరత్ అనే నేను' పేరు ఆ ప్రసంగంలో వినిపించింది. తీర్మానం 126కి 325 ఓట్లతో ఓడిపోయింది.

సినిమా పేరు సభలోకి రావడం తప్పు కాదు. నా భయం ఇంకోటి. మన సినిమా అసెంబ్లీలో హీరో మాట్లాడతాడు, అవతలివాళ్లు తలదించుకుంటారు, బ్యాక్‌గ్రౌండ్ స్కోర్ మోగుతుంది. అక్కడ రెండో పుస్తకం ఉండదు. సేటు కూడా హీరోనే, అమ్మ కూడా హీరోనే. నిజం సభ కూడా నెమ్మదిగా ఆ సీన్‌ని అనుకరిస్తోంది. రీల్‌కి పనికొచ్చే రెండు నిమిషాలు మిగులుతున్నాయి, లైను లైనుకీ వేలు పెట్టే రెండు గంటలు పోతున్నాయి.

ఉప్పల్‌లో ఉండేవాళ్లకి ఇది సిద్ధాంతం కాదు. వరంగల్ రోడ్డు మీద ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఎలివేటెడ్ కారిడార్‌కి 2018 మేలో, అంటే ఆ అరగంట బడ్జెట్ అయిన రెండు నెలలకే, శంకుస్థాపన జరిగింది. తర్వాత ఏళ్లకేళ్లు మేం చూసింది స్తంభాలు. రోడ్డు కేంద్రానిది, జాతీయ రహదారి. పని చూసేది రాష్ట్ర రోడ్లు భవనాల శాఖ. కింద ఆస్తుల సేకరణ, మామూలు తిప్పలు నగరపాలక సంస్థవి. కథలో ముగ్గురు కథకులుంటే పాఠకుడికి ఎవర్ని నమ్మాలో తెలియదు. ఇక్కడ ముగ్గురూ మిగతా ఇద్దరి గురించే చెప్తారు. అదే రింగ్ రోడ్డు దగ్గర 660 మీటర్ల స్కైవాక్ ఉంది, 2023 జూన్‌లో మొదలైంది. అందంగా ఉంది, నేను రోజూ దాని మీదుగానే మెట్రోకి వెళ్తాను. దాన్ని కట్టింది హెచ్ఎండీఏ. ఉప్పల్ భగాయత్ ప్లాట్లని 2019లో వేలం వేసిన సంస్థే. దాని రాబడి, దాని ఖర్చు పద్దుల ఓటుకి నేరుగా రావు. చర్చ పరిధిలో ఉన్నది స్తంభాల దగ్గర ఆగింది, పరిధి బయట ఉన్నది చకచకా లేచింది. ఈ రెండూ పక్కపక్కన చూసి, చర్చ లేకపోతేనే పనులవుతాయి అనుకునే స్నేహితులు నాకున్నారు. నాకది ప్రమాదకరమైన ముగింపులా అనిపిస్తుంది. భూమి అమ్మి కట్టేది ఎక్కడ కట్టాలో అమ్మేవాళ్లే నిర్ణయిస్తారు. అలాంటప్పుడు దవాఖానా కావాలని ఏ సభలో అడగాలి?

దవాఖానా అంటే ఈఎస్ఐ కూడా. నాన్న జీతంలో ప్రతి నెలా 1.75 శాతం ఈఎస్ఐకి పోయేది. ఫ్యాక్టరీవాళ్లు దాన్ని 'కటింగ్' అంటారు. 2019 జూలై నుంచి కార్మికుడి వాటా 0.75 శాతానికి తగ్గింది. ఆస్పత్రులు, డిస్పెన్సరీలు చాలాచోట్ల రాష్ట్రాలు నడుపుతాయి, ఖర్చులో ఎనిమిదింట ఏడు వంతులు కార్పొరేషన్ భరిస్తుంది, ఒక వంతు రాష్ట్రం. ఇక్కడా రెండు పుస్తకాలు. కాకపోతే కార్మికుడి చేతిలో ఒక్కటీ లేదు. అతని కోత ప్రతి నెలా తప్పకుండా జరుగుతుంది. అతని తరఫున సభలో పెట్టాల్సిన వంద రూపాయల కోత మాత్రం గిలెటిన్ కింద పోతుంది.

దీనికి ఎదురు వాదన ఒకటుంది, బలమైనదే. సభలో మెజారిటీ ప్రభుత్వానిదే, చర్చ జరిగినా అంకె మారదు, 1993 నుంచి శాఖలవారీ స్థాయీ సంఘాలు పద్దుల్ని చూస్తూనే ఉన్నాయి, ఇంక సభలో ప్రసంగాలెందుకు? దీనికి నా జవాబు సేటు కొట్టు దగ్గరే ఉంది. అమ్మ నెలకి ఓ పది నిమిషాలు వాదించి తగ్గించింది ఎప్పుడూ పెద్ద మొత్తం కాదు. కానీ ఆమె వేలు పెట్టి చదువుతుందని తెలిశాక సేటు మా పుస్తకంలో అక్షరాలు విడివిడిగా రాసేవాడు. చర్చ అంకెని మార్చకపోవచ్చు. అంకె రాసే చేతిని మారుస్తుంది.

సాహిత్యం చదివేవాళ్లం మనం ఇందులో ఎక్కడున్నాం? కాళోజీ 1958 నుంచి 1960 దాకా శాసనమండలి సభ్యుడు. జాషువా 1964లో మండలికి నామినేట్ అయ్యాడు. సి. నారాయణరెడ్డి 1997లో రాజ్యసభకి వెళ్లారు. వీళ్ల కవిత్వం మీద ఎన్ని వ్యాసాలొచ్చాయి! సభలో వీళ్లేం మాట్లాడారో, ఏ పద్దు మీద లేచి నిలబడ్డారో చదివి రాసిన వ్యాసం ఒక్కటైనా మీకు గుర్తుందా? నాకైతే లేదు, నేనూ చదవలేదు. సుందరయ్య పార్లమెంటుకి సైకిల్ మీద వెళ్లేవాడని చిన్నపిల్లలకి కూడా చెప్తాం. సైకిల్ దిగి లోపలికెళ్లాక ఏం మాట్లాడాడో చెప్పం. సైకిల్ బొమ్మకి వస్తుంది, ప్రసంగం చదవాల్సి వస్తుంది. చర్చలు పోయాయని నాయకుల్ని అంటున్నాం సరే, ఉన్న చర్చల్ని పాఠకులు లేకుండా వదిలేసింది మనం.

ఇంతకీ ఆ సబ్బు సంగతి. రెండో సబ్బు లేదు. ఆ డబ్బుకి నేను బిస్కెట్లు కొనుక్కున్నాను. సేటు సబ్బు అని రాసుకున్నాడు, నేను అలాగే రాయమన్నాను. అమ్మా సేటూ ఇద్దరూ నా వైపు చూసినప్పుడు నేను నేల చూపులు చూశాను. అమ్మ కాసేపు ఆగి, "సరే, రాస్కో సేటూ" అంది. ఆ నెల పద్దు పాసైంది. లైను తప్పని తెలిసిన ఒక్కడూ నోరు మూసుకుని ఉన్నాడు కాబట్టి.