పున్నమికి ముందురోజే

పున్నమి చంద్రుణ్ణి ఫొటో తీయడానికి వేసవి పనికిరాదంటారు. విశాఖలో ఉంటూ నేను ఆ మాట ఒప్పుకోలేను. శీతాకాలపు పున్నమినాడు ఇక్కడ చంద్రుడు ఈశాన్యానికి, భీమిలి వైపుకి జరిగి లేస్తాడు. వైశాఖ, జ్యేష్ఠాల్లో సూర్యుడు ఉత్తరానికి పోతే చంద్రుడు దక్షిణానికి దిగుతాడు, ఆగ్నేయం వైపు జరిగి లేస్తాడు. మన తీరం చూసేది కూడా అటే. నడుమ నీళ్ళు తప్ప ఏ అడ్డూ ఉండదు.

చిక్కంతా వాతావరణంతోనే. మధ్యాహ్నం దాకా ఎండ నిప్పులు చెరుగుతుంది. నాలుగింటికల్లా పడమట తూర్పు కనుమల మీద మబ్బులు పేరుకుంటాయి. సాయంత్రానికి అవి తీరానికి వస్తే ఈదురుగాలి, వాన. రాకపోయినా దిగే పొద్దుకు అడ్డం నిలుస్తాయి. మనం సముద్రం వైపు తిరిగి ఉంటాం కాబట్టి ఇది చాలామంది గమనించరు. ఇసుక మీదా, పడవల మీదా పడాల్సిన ఆఖరి వెలుగు మన వెనకే ఆగిపోతుంది. ఆపైన చంద్రుడికి సరిపడా ఎక్స్‌పోజర్ పెడితే పడవలు నల్లబడతాయి, పడవలకు పెడితే చంద్రుడు ఉత్త తెల్లబిళ్ళ. చంద్రుడి మీద ఉన్నది పట్టపగటి ఎండ మరి! బాగా పైకొచ్చిన పున్నమి చంద్రుడికి ఐఎస్‌ఓ 100, ఎఫ్/11, సెకనులో 125వ వంతు దాదాపుగా సరిపోతుంది.

అందుకే నేను చతుర్దశి నాడే వెళ్తాను. ఆ రోజు చంద్రుడు సూర్యాస్తమయానికి ముప్పావుగంటో గంటో ముందే లేస్తాడు. వేసవిలో సముద్రం మీద మసక పరుచుకుంటే చంద్రుడు నీటి అంచున కనబడడు, రెండు మూడు డిగ్రీలు ఎక్కాకే ఎర్రగా బయటపడతాడు. అందుకు పది పదిహేను నిమిషాలు పడుతుంది. ముందురోజైతే అప్పటికీ నేల మీద వెలుగుంటుంది. 1941లో న్యూమెక్సికోలోని హెర్నాండెజ్ దగ్గర అన్సెల్ ఆడమ్స్ తీసిన ప్రసిద్ధ చిత్రంలో ఉన్నదీ పున్నమికి ముందటి చంద్రుడే. లైట్ మీటర్ దొరక్కపోతే, చంద్రుడి వెలుగెంతో తనకు తెలిసిన లెక్కతో ఎక్స్‌పోజర్ నిర్ణయించాడాయన. సమాధుల శిలువల మీద ఎండ పోయేలోగా ఒక్క ఫ్రేమే దక్కింది.

మబ్బు పట్టిందని ఇంటికి మళ్ళేవాళ్ళను చూస్తే నాకు బాధేస్తుంది. చంద్రుడు భూమికి ఎప్పుడూ ఒకే ముఖం చూపిస్తాడు. పున్నమినాడు వెలుగు ఎదురుగా పడి బిలాల నీడలు కూడా దాదాపు ఉండవు. నిర్మలమైన ఆకాశంలో నేను తీసిన చంద్రుడికీ మరొకరు తీసినదానికీ తేడా వెతుక్కోవాలి. దాన్ని ఫలానా ఏటి ఫలానా సాయంత్రపు చంద్రుడిగా చేసేది మబ్బే, అంచు వెలిగిన దాని చీలికే. ఒకచోటి ఆకాశంలో వేరేచోటి చంద్రుణ్ణి కంప్యూటర్‌లో పెద్దది చేసి అతికించడం నాకు నచ్చదు. ఆ సాయంత్రపు గాలి అందులో ఎక్కడా ఉండదు. వాన వెలిశాక దుమ్మంతా దిగిపోయిన ఆకాశాన్ని ఒక్కసారి తీసినవాళ్ళు ఆ పనికి పోరు.

ఏరువాక పున్నమి నాటికి రుతుపవనాలు కూడా తోడవుతాయి. కెమెరాను ఏసీ గదిలోంచి నేరుగా తీరానికి తెస్తే ఉక్కకు లెన్సు మీద ఆవిరి పడుతుంది, సంచిలోనే ఉంచి కాస్త ముందుగా బయటకు తీసుకురండి. వైట్ బ్యాలెన్స్‌ను ఆటోలో వదిలితే చంద్రుడి ఎరుపును కెమెరా దిద్దేయవచ్చు, పగటి వెలుగు సెట్టింగులో పెట్టండి. ఉరుము వినబడితే మాత్రం ట్రైపాడ్ మడిచి, ఇసుక వదిలి, పక్కా భవనంలోకి వెళ్ళిపోండి. ఆఖరి ఉరుము విన్నాక అరగంట దాకా తిరిగి రావద్దు.