నగ వెనక వైపు

దసరా సెలవుల్లో ఒకావిడ స్టీలు డబ్బాలో కూచిపూడి సెట్టు ఒకటి పట్టుకొచ్చింది. వాళ్ల పిన్ని ముప్పై ఏళ్ల కిందట వేదిక మీద పెట్టుకున్నదట. అటక సర్దుతుంటే బయటపడింది. పాపిడిబిళ్ల, సూర్యుడు, రాగిడి, జత జూకాలు, మాటీలు, అడ్డిగ, పొడుగు హారం, వడ్డాణం. రాళ్లు చాలా వరకు మాడినట్టు నల్లగా ఉన్నాయి. హారంలో నాలుగు గూళ్లు బోసిపోయాయి. "వెండి కొట్టులో అడిగితే లక్క తీసేసి, మిగిలింది కాటా వేసి డబ్బిస్తానన్నాడు టీచర్ గారూ. ఇచ్చేయమంటారా?" అంది.

తల వెనక పెట్టుకునే రాగిడి అందుకుని బోర్లా తిప్పాను. వెనక రేకు బూడిదరంగుకి తిరిగి, అక్కడక్కడా నల్లబడింది. అంచు చుట్టూ నిలబెట్టిన సన్నటి వెండి పట్టీ ఒకచోట అతుక్కున్న గీత కనిపిస్తోంది. ఆ గీత తిన్నగా లేదు. దాని పక్కనే ఆకురాయి పెట్టిన సన్నటి చారలు. తాడు దూర్చే కొంకీలు నాలుగూ ఒకదానికొకటి రవ్వంత తేడాగా ఉన్నాయి. ఇక ముందు వైపు చూడకుండానే "అమ్మకండి" అన్నాను.

నాట్యం నేర్పేవాళ్ల దగ్గరికి ఇలాంటి డబ్బాలు వస్తూనే ఉంటాయి. అమ్మేవాళ్లు, కొనేవాళ్లు అందరూ ముందు వైపే చూస్తారు. మెరిస్తే ఒక ధర, మెరవకపోతే ఇంకో ధర. మెరుపుదేముంది, మెరుగు పెట్టేవాడి దగ్గరికి పంపిస్తే వారంలో తిరిగొస్తుంది. ఆ నగని చేత్తో చేశారా, అచ్చులో పోశారా, పాడైతే మళ్లీ విప్పి బాగు చేసుకునే వీలుందా అన్నది వెనక వైపే తెలుస్తుంది. పాత నగకి విలువ కట్టేటప్పుడు నాకు కావలసిన జవాబు అదే.

ఇలాంటి కెంపుల సెట్లకి పుట్టిల్లు తమిళనాడులోని నాగర్‌కోయిల్. ఆ ఊళ్లో వడశేరి అనే పేటలో కంసాలులు తరతరాలుగా దేవుళ్లకి సొమ్ములు చేస్తూ వచ్చారు. దేవుడికైతే మేలిమి బంగారం, అసలు కెంపులు. నాట్యం చేసేవాళ్లకి అదే నమూనాలో వెండి మీద బంగారు రేకు తాపి, ఎర్రరాళ్లు పచ్చరాళ్లు పొదిగి ఇచ్చారు. టెంపుల్ జ్యువెలరీ అన్న పేరు అలా వచ్చింది. నాగర్‌కోయిల్ పనితనానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. వేదిక నగల్లో కెంపు అంటే ఎక్కువగా ఎర్రగాజో, కృత్రిమంగా తయారైన రాయో. ఇందులో మోసమేమీ లేదు. దీపాల వెలుగులో పది గజాల దూరానికి కనిపించడం కోసం చేసిన నగ అది.

మన కూచిపూడికి ఇవి మొదటినుంచీ ఉన్న నగలు కావు. మగవాళ్లే సత్యభామ వేషం కట్టి రాత్రంతా ఆడిన రోజుల్లో తేలికైన బూరుగు చెక్కతో నగలు చెక్కి, పైన బంగారు రంగు వేసి, రంగురాళ్లు, అద్దం ముక్కలు అతికించేవారు. వెంపటి చినసత్యం గారు 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టాక ఎందరో అమ్మాయిలు అక్కడ నేర్చుకున్నారు. మద్రాసు వేదికల మీది కెంపుల సెట్టే క్రమంగా మన నాట్యానికీ అలవాటైంది. ఏ ఇంట్లోనైనా పాత చెక్క నగ కనిపిస్తే మాత్రం రంగు వేయించకండి, రాళ్లు మార్చకండి. అలాంటివి ఇప్పుడు చాలా అరుదు. ఉన్నది ఉన్నట్టు దూదిలో పెట్టి దాచండి.

ఇక కెంపుల సెట్టు ఎలా తయారవుతుందో తెలిస్తే, పాతదాన్ని పరీక్షించడం సగం వచ్చినట్టే. వెండి రేకుని హంస గానో నెమలి గానో కత్తిరిస్తారు. దాని మీద సన్నటి వెండి పట్టీలు నిలబెట్టి, టంకం వేసి, రాళ్లకి గూళ్లు కడతారు. గూళ్లలో పొడి కలిపిన లక్క నింపి వెచ్చచేస్తారు. లక్క మెత్తబడ్డాక అందులో మెరుపు రేకు ముక్క పరిచి, దాని మీద రాయి కూర్చోబెడతారు. రాయి చుట్టూ మిగిలిన సందులో మేలిమి బంగారు రేకుని మడతలుగా దూర్చి, మొనదేలిన పనిముట్టుతో నొక్కుకుంటూ పోతారు. కుందనపు పని అంటే ఇదే. రాయిని కింద లక్క పట్టుకుంటుంది, చుట్టూ బంగారం పట్టుకుంటుంది. జిగురు చుక్క కూడా ఉండదు.

ఈ మెరుపు రేకు సంగతి తెలియకే చాలామంది మంచి నగల్ని వదిలేసుకుంటారు. గూడు వెనక మూసేసి ఉంటుంది, అటునుంచి వెలుగు రాదు. రాయికి కాంతి వచ్చేది కింద ఉన్న రేకు తిప్పికొట్టినందువల్లే. చెమటో, పూల తడో, నీళ్లో సందులోంచి లోపలికి దిగితే ఆ రేకు నల్లబడుతుంది. పైనుంచి చూసినవాళ్లు రాయి పోయిందనుకుంటారు. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం పెట్టి, నగని కిటికీ వెలుగులో కొంచెం వాల్చి చూడండి. రాయి పైభాగం నున్నగా, గీతలు లేకుండా ఉండి, నలుపు అడుగున కనిపిస్తే రాయి బాగానే ఉంది. పనివాడు రాయి తీసి, కింద రేకు మార్చి, మళ్లీ కూర్చోబెడితే మునుపటి ఎరుపు వచ్చేస్తుంది. ఆవిడ తెచ్చిన హారంలో ఎక్కువ రాళ్లు ఈ లెక్కలోవే. వాటిని చూసే కొట్టువాడు కాటా వేస్తానన్నాడు.

భూతద్దంలో గాజు బుడగలు కనిపించాయని కంగారుపడక్కర్లేదు. అసలు వెండి సెట్టులోనూ గాజురాళ్లు ఉంటాయని చెప్పాను కదా. రాయికన్నా రాయి అంచు ముఖ్యం. చుట్టూ బంగారు రేకు కాస్త ఎగుడుదిగుడుగా, నొక్కిన గుర్తులతో ఉంటే చేతి పని. పసుపుపచ్చగా మాగిన జిగురు తళుక్కుమంటే, లేదా అన్ని గూళ్లూ అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉంటే, అది ఇత్తడో రాగో అచ్చుపోసి, రాళ్లు అంటించిన కొత్త తరహా సెట్టు. వెనక తిప్పితే లోహం ఏదో పాతదనమే చెప్తుంది. వెండి అయితే నల్లబడుతుంది. రాగి, ఇత్తడి అయితే మూలల్లో ఆకుపచ్చటి కిలుము పడుతుంది. అయస్కాంతానికి అంటుకుంటే లోపల ఇనుముందని అర్థం. అంటుకోకపోతే వెండి అని మాత్రం అర్థం కాదు, రాగికీ ఇత్తడికీ కూడా అయస్కాంతం అంటదు. బరువు చూసి అసలే మోసపోవద్దు. లోపల లక్క ఉన్న నగ చేతికి ఎంత నిండుగా అనిపించినా ఆ నిండుదనం వెండిది కాదు. పాత సెట్ల మీద ముద్రలు కూడా అరుదు కాబట్టి వాటి కోసం వెతికి నిరాశపడకండి.

వెనక కూడా ముందు వైపులాగే బంగారు రంగులో మెరుస్తోందా? అయితే ఎవరో మధ్యలో మొత్తం నగని మెరుగులో ముంచి ఉండొచ్చు. తప్పు కాదు, కానీ అమ్మేవాళ్లు ఆ సంగతి చెప్పాలి, కొనేవాళ్లు అడగాలి.

కెంపుల సెట్ల పక్కనే మన ఇళ్లలో ఇంకో రకం పాత నగలుంటాయి. మచిలీపట్నం చిలకలపూడి గిల్టు నగలు. వీటిని తీసిపారేసే మాట వింటే నాకు బాధ. పాత రోల్డ్ గోల్డ్‌లో నిజంగానే పల్చటి బంగారు రేకుని రాగి లాంటి లోహం మీద వేడితో, ఒత్తిడితో అతికి సాగదీసేవారు. ఇప్పటి పూత కరెంటుతో ఎక్కించేది, అందులో బంగారం పొర చాలా పల్చన. వన్ గ్రామ్ గోల్డ్ అన్నంత మాత్రాన ప్రతి నగలో గ్రాము బంగారం ఉండదు. పాతదాన్ని గుర్తుపట్టాలంటే గొలుసు లంకెలు ఒకదానికొకటి రాసుకునే చోట చూడండి. రేకు తొడిగినదైతే అరుగుదల నెమ్మదిగా, చాలా ఏళ్లకి ఎర్రటి రాగి గీతలా తేలుతుంది. పూత అయితే మచ్చలు మచ్చలుగా, పొరలా లేస్తుంది. రేకు తొడిగిన పాత చిలకలపూడి గాజులు, కాసులపేర్లు ఎక్కడైనా దొరికితే కొనుక్కోండి. పూత మాత్రం ఇంట్లో వేద్దామనుకోకండి. ఆ పనిలో సైనైడ్ లవణాలు వాడతారు.

మరమ్మతు విషయంలో నా చేతులు కాలాయి. చాలా ఏళ్ల కిందట మా గురువుగారిచ్చిన వడ్డాణానికి ఒక లంకె ఊడితే, పక్కనే ఉన్న కొట్టులో ఇచ్చాను. అతను లక్క తీయకుండానే మంట పెట్టాడు. లక్క పొంగి సందుల్లోంచి కారింది. మధ్య బిళ్లలో లక్ష్మీదేవి చుట్టూ ఉన్న రాళ్లు మూడు పగుళ్లిచ్చాయి, బంగారు రేకు పొగచూరింది. అప్పటినుంచి ఏ పనివాడి దగ్గరికెళ్లినా ముందు ఒకటే అడుగుతాను: "లక్క తీసి టంకం వేస్తారా, ఉండగానే వేస్తారా?" తీసి వేస్తానన్నవాడికే నగ ఇస్తాను. ఖర్చు ఎక్కువైనా సరే, ఎన్నాళ్లు పట్టినా సరే.

ఊడిన రాయిని ఇన్‌స్టంట్ జిగురుతో అంటించుకునేవాళ్లు కూడా ఆగండి. ఆ జిగురు ఆరేటప్పుడు వచ్చే ఆవిరికి రాయి మీదా రేకు మీదా తెల్లటి మసక పట్టేస్తుంది. రేపు పనివాడు గూడు విప్పాలన్నా కష్టమవుతుంది. రాయి ఊడితే చిన్న పొట్లంలో కట్టి, ఏ నగదో రాసి దాచండి, చాలు. కుంకుడు రసంలో నానబెట్టి తోమడం మన పెద్దవాళ్లు బంగారానికి నేర్పిన పద్ధతి. లక్క ఉన్న నగకి అది విషం. ప్రదర్శన అయ్యాక మెత్తటి పొడిగుడ్డతో చెమట, మేకప్ తుడిచి, గాలికి ఆరనిచ్చి, ఒక్కొక్కటీ విడిగా మల్లుగుడ్డలో చుట్టండి. రబ్బరు బ్యాండ్లు వేయకండి, వాటిలోని గంధకానికి వెండి నల్లబడుతుంది. ఎండలో నిలిపిన కారులో సెట్టు వదిలేస్తే లక్క మెత్తబడి రాళ్లు జారొచ్చు.

అమ్మదలుచుకున్నవాళ్లకి ఒక మాట. కాటా ధర అంటే వెండి ధరే. గూళ్లు కట్టిన చెయ్యి, రేకు నొక్కిన ఓపిక అందులో లెక్కకి రావు. విదేశాల్లో మన పిల్లల రంగప్రవేశాలకి కొన్న సెట్లు ఒక్కసారి పెట్టుకుని అమ్మకానికి వస్తున్నాయి. చూడటానికి అవి తళతళలాడతాయి, మీ పాతది వెలవెలబోతుంది. అయినా తగ్గకండి. వెనక వైపు ఫోటో తీసి పంపండి, తెలిసినవాళ్లు అదే ముందు చూస్తారు. ఒకటి రెండు రాళ్లు లేకపోయినా ధర పెద్దగా పడిపోదు. జతలో ఒకటి పోతేనే కష్టం. మాటీ ఒకటే ఉన్నా, తలకి చెరో పక్క పెట్టుకునే జతలో సూర్యుడుండి చంద్రవంక లేకపోయినా సెట్టు సెట్టు కాదు. అదే పోలికలో, అదే రాయి రంగులో రెండోది చేయించడం కొత్త సెట్టు చేయించడం కన్నా కష్టం.

ఆ స్టీలు డబ్బా సెట్టులోనూ సూర్యుడే ఉన్నాడు, చంద్రవంక లేదు. అడిగితే ఆవిడ, "పిన్ని ఎవరికో ఎరువిచ్చిందండీ, అది మళ్లీ రాలేదు" అంది. ఎరువు సొమ్ము బరువుచేటు అని సామెత. తెచ్చుకున్నవాళ్ల గురించి చెప్పిన మాట అది, కానీ చేటు ఇచ్చినవాళ్లకీ జరుగుతుంది. సెట్టు దాదాపు మూడు నెలలు పనివాడి దగ్గరుంది. రేకులు మార్చాడు, హారంలో నాలుగు రాళ్లూ పొదిగాడు, రాగిడి వెనక కొంకీ ఒకటి బిగించాడు. సంక్రాంతికి ఆవిడ కూతురు దాన్ని పెట్టుకుని ఆడింది. తలకి కుడిపక్క సూర్యుడున్నాడు, ఎడమపక్క ఖాళీగానే ఉంది.

మీ ఇంట్లో ఏ డబ్బాలోనైనా జతలేని చంద్రవంక ఒక్కటే ఉంటే, అది ఎవరి దగ్గర ఎరువు తెచ్చారో గుర్తు తెచ్చుకోండి. ఎన్నేళ్లయినా ఫర్వాలేదు, తీసుకెళ్లి ఇచ్చేయండి.